ఐత్వం తోక

ఆరిఫ్ కుర్చీలో కూర్చోగా చూసినవాళ్ళు భవానీపురంలో ఎవరైనా ఉంటే వచ్చి నాకు చెప్పాలి. ఏడాదికి పైగా అతనితో ఒకే గదిలో పనిచేస్తున్నాను, నేనైతే చూడలేదు. అన్నం నిలబడి తింటాడు. టీ మెట్ల మీద తాగుతాడు. ఫోను వస్తే ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ మాట్లాడతాడు. గోడ అడ్డం లేకపోతే అలాగే నడుచుకుంటూ గొల్లపూడి దాటిపోయేవాడే. కంప్యూటరు కోసం ఎత్తు బల్ల ఒకటి చేయించుకున్నాడు, కూర్చునే అవసరం రాకుండా. "కాసేపు కూర్చోవయ్యా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంటే, "కూచుంటే పని ఆగిపోద్ది మేడమ్" అంటాడు. ఏ పని ఆగిపోతుందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

మా ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. కింద టైర్ల షాపు, ఎదురుగా హైదరాబాదు రోడ్డు. చూపు లేని విద్యార్థుల కోసం పాఠాలు చదివి, రికార్డు చేసి, వాళ్ళ ఫోన్లకు పంపడం మా పని. చదివేది నేను. పేరు మార్త. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. గొంతు మాత్రం రిటైరు కాలేదు, కోపమూ కాలేదని మా ఇంట్లోవాళ్ళు అంటారు. నేను చదివిన దానిలోంచి లారీ హారన్లు తీసేసి, ముక్కలు కోసి, అడిగినవాళ్ళకు అడిగిన పాఠం చేరవేసేవాడు ఆరిఫ్.

అతని నాన్న హుమాయూన్ గారికి ఇక్కడే మోటారు వైండింగ్ షాపు ఉండేది. ఒక మోటారు విప్పుతూ, రెండోది ఎండలో ఆరబెట్టి, మూడోదానికి తీగ చుడుతూ, మధ్యలో వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పేవారట. ఆ నాలుగు పనుల అలవాటు కొడుక్కి వచ్చింది, ఆయన నిదానం మాత్రం రాలేదు. ఆరిఫ్ డిగ్రీ అయ్యాక సింగ్‌నగర్‌లో నెట్ సెంటర్ పెట్టుకున్నాడు. బుడమేరు వాగు పొంగిన ఏడాది నీళ్ళు వస్తుంటే మానిటర్లు అటక మీదికి ఎక్కించడం, పక్కింటి ముసలాయన్ని మోసుకెళ్ళడం, కరెంటు మెయిన్ ఆపడం, అన్నీ ఒక్కసారే మొదలుపెట్టాడు. ముసలాయన బతికాడు. కింద పెట్టిన కంప్యూటర్లు మునిగిపోయాయి. ఆ తరువాతే మా దగ్గరకు వచ్చాడు. ఇప్పటికీ మా పని కాక రెండు అపార్టుమెంట్ల కెమెరాలు, ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళ దరఖాస్తులు చూస్తుంటాడు.

"నన్ను చూడ్డానికి వచ్చిన రోజు కూడా కూర్చోలేదు టీచరమ్మ గారూ" అని అతని భార్య నఫీసా ఒకసారి నవ్వుతూ చెప్పింది. "కరెంటు పోయింది. ఫ్యూజు వేస్తానని లేచారు. మా నాన్న ఈ అబ్బాయి ఎలక్ట్రీషియనా అని అడిగారు."

ఇంత కంగారు మనిషికి మా పద్ధతి ఎలా నచ్చుతుంది? నా రికార్డింగ్ గదిలో ఒక దాత ఇచ్చిన పాత మ్యాక్ కంప్యూటరు ఉంది. నేను చదివిన పాఠాలు అందులో పడతాయి. వాటిని జిప్ చేసి ఆరిఫ్ బల్ల మీదున్న విండోస్ కంప్యూటరుకు పంపుతాం. అక్కడ ఒక పాఠం శుభ్రమయ్యాక ఇంకొకటి, అది వెళ్ళాక మరొకటి, అలా సాగేది. పుస్తకం పూర్తి కావడానికి రోజంతా పట్టేది. ఆరిఫ్ ఆ రోజంతా తెర ముందు పచార్లు చేసేవాడు.

"ఒకటయ్యాక ఒకటేంటి మేడమ్, రేషన్ షాపు క్యూ లాగా? ఎనిమిది ఒకేసారి పెడదాం" అన్నాడు వచ్చిన కొత్తల్లోనే.

దానికోసం ఒక స్క్రిప్టు రాశాడు. స్క్రిప్టు అంటే కంప్యూటరుకు రాసిచ్చే పనుల కాగితం. నాకు అర్థమయ్యేలా చెప్పమంటే, లోపల ఒక మేస్త్రీ ఉంటాడనీ, అతను ఎనిమిది మంది పనివాళ్ళను పెట్టుకుని తలా ఒక పాఠం ఇస్తాడనీ చెప్పాడు. వినడానికి బాగానే ఉంది. ఇంట్లో తన ల్యాప్‌టాప్ మీద నడిపి చూసుకుని, మర్నాడు ఆఫీసులో మొదలుపెట్టాడు. కంప్యూటరులో ఫ్యాను విమానంలా మోగడం మొదలైంది. మౌసు కదల్లేదు. ఆరిఫ్ ఒక్క దూకు దూకి ప్లగ్గు పీకేశాడు.

"ఏమైందయ్యా?"

"మా ఇంట్లో ఉన్నది లినక్స్ మేడమ్. అక్కడ పనివాడు పుట్టటమే మేస్త్రీకి తెలిసిందంతా తెలిసి పుడతాడు. ఈ విండోస్‌లో అట్టా కాదు. పుట్టినోడికి ఏమీ తెలీదు. కాగితం తీసి మొదటి లైను నుంచి చదువుకుంటాడు. ఆ లైన్లలో 'ఎనిమిది మందిని పిలువు' అని ఉంది. వాడూ పిలిచాడు. ఆ ఎనిమిది మందీ తలా ఎనిమిది మందిని పిలిచారు."

నేను పడీపడీ నవ్వాను. అతను నవ్వలేదు. "నువ్వు మేస్త్రీవి అయితేనే పిలువు" అని ఒక్క లైను కలిపాడు, అల్లరి అణిగింది.

అక్కడితో అయిపోయిందా అంటే లేదు. వారం తిరక్కుండానే గుడివాడ నుంచి ఒక కుర్రవాడు ఫోన్ చేశాడు. "మేడం గారూ, ప్రేరణ అంటే మర్చిపోవటమేనా?" అని అడిగాడు. ప్రేరణ పాఠం సగంలో నా గొంతే తెగిపోయి, విస్మృతి పాఠం అందుకుంది. ఇద్దరు పనివాళ్ళు చిత్తు పని కోసం ఒకే పేరుతో ఫైలు పెట్టుకున్నారట. ఒకడు రాస్తుంటే రెండోవాడు దాని మీదే రాశాడు. ఆరిఫ్ ఎవరి చిత్తు గది వాళ్ళకు వేరు చేశాడు. ఆ తరువాత విండోస్ ఇంకో పేచీ పెట్టింది. ఒకడి చేతిలో ఉన్న ఫైలును ఇంకొకడిని చెరపనివ్వనంది. చేతిలోంచి వదిలేదాకా ఆగి మళ్ళీ అడుగు అని ఇంకో లైను కలిపాడు. ఇలా కలుపుతూ కలుపుతూ ఎట్టకేలకు పని గాడిలో పడింది. పుస్తకం గంటలో పూర్తయ్యేది. చివర తెర మీద పెద్ద అక్షరాలతో "అన్నీ అయిపోయాయి" అని వచ్చేలా పెట్టాడు. అది చూసి బండి తాళాలు తీసుకుని కెమెరాల పనికో, కోచింగ్ సెంటర్‌కో పరుగెత్తేవాడు.

ఆ మాట చూస్తే నాకూ హాయిగానే ఉండేది.

మా దగ్గర పాఠాలు వినేవాళ్ళలో వినీల అని ఉయ్యూరు అమ్మాయి ఉంది. నాన్న చెరకు లారీ తోలతాడు. పుట్టుకతోనే చూపు లేదు. బీఈడీ చేసింది. డీఎస్సీ రాసి టీచరవ్వాలని పట్టుదల. డీఎస్సీ అనేది మన దగ్గర ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఇన్నాళ్ళకు పడింది. ఈసారి పోతే మళ్ళీ ఎన్నేళ్ళు కాచుకోవాలో తెలియదు. ఆ అమ్మాయికి దొరికేవి మా పాఠాలే. చదివి పెట్టడానికి ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేరు. నోరు మాత్రం బాగా ఉంది. ఏ పాఠంలో నేను దగ్గినా, ఏ పేజీ తిప్పుతూ ఆలస్యం చేసినా ఫోన్ చేసి చెప్పేది. నాకు ఒళ్ళు మండేది, అయినా మర్నాడు దగ్గకుండా చదివేదాన్ని.

ఆ వినీల కొన్నాళ్ళుగా కొన్ని పాఠాలు రాలేదని ఆరిఫ్ వెంట పడుతోంది. ఆరిఫ్ మళ్ళీ పంపేవాడు. తెర మీద "అన్నీ అయిపోయాయి" అని వచ్చేది. ఆమె మళ్ళీ ఫోన్ చేసి రాలేదనేది. ఫోన్లో జాగా లేదేమో చూసుకోమన్నాడు. సిగ్నల్ లేదేమో, డాబా ఎక్కి చూడమన్నాడు. పాత ఫోన్ అయ్యుంటుంది, మార్చమన్నాడు. చివరకు విసిగిపోయి ఒకరోజు నా ఎదురుగానే అన్నాడు:

"కైకలూరు మైకేలు గారిని చూడండి. ఆయనా డీఎస్సీకే చదువుతున్నారు. ఆయనకీ ఇవే పాఠాలు వెళ్తన్నాయి. చేరినప్పటి నుంచి ఒక్క కంప్లైంటు లేదు."

మైకేలు నాకు బాగా గుర్తు. ఆరిఫ్ వచ్చిన తరువాతే చేరాడు. వాళ్ళమ్మతో కలిసి రైల్లో వచ్చాడు. కైకలూరులో చేపలకు ఐసు పంపే ఫ్యాక్టరీలో ఫోన్లు ఎత్తే పని చేస్తానని చెప్పాడు. పేరూ ఊరూ నేనే మ్యాక్‌లో రాసి, అతని పాఠాలు వెళ్ళే ఫోల్డరు అతని పేరు మీద తెరిచాను. మైకు ఎలా ఉంటుందో చూడవచ్చా అని అడిగి, వేళ్ళతో తడిమాడు. "మీరేనా అండీ చదివేది?" అన్నాడు. నేనేనని నాలుగు వాక్యాలు చదివి వినిపిస్తే తల వంచుకుని విన్నాడు. ఆ మర్యాద, ఆ నెమ్మది చూసి నేను కూడా ఆరిఫ్ మాట నిజమేననుకున్నాను. ఈ వినీలకు ఆ నెమ్మదిలో పావు వంతు ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను.

పరీక్ష ఇంకో వారం ఉందనగా వినీల ఫోన్ చేయడం మానేసి బస్సెక్కి వచ్చేసింది.

మధ్యాహ్నం పూట. మెట్ల మీద కర్ర చప్పుడు వినపడింది. తలుపు దగ్గర నిలబడి, చెమట తుడుచుకుని, "ఆరిఫ్ గారు ఉన్నారా అండీ?" అంది.

"ఉన్నానండీ. ఇంత ఎండలో ఎందుకొచ్చారు? ఫోన్ చేస్తే..." అంటూ ఆరిఫ్ కిటికీ దగ్గర నుంచి బల్ల దగ్గరకు, బల్ల దగ్గర నుంచి తలుపు దగ్గరకు నడుస్తున్నాడు.

"ముందు మీరు ఒకచోట నిలబడండి. మీ గొంతు ఎటు నుంచి వస్తందో తెలీట్లేదు. ఎవరితో దెబ్బలాడాలో కూడా తెలియకపోతే ఎట్టాగండీ?"

ఆరిఫ్ నిలబడ్డాడు. ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి బరువు మార్చుకుంటూనే ఉన్నాడు గానీ, నిలబడ్డాడు. నాకు లోపల సంతోషం వేసింది. నేను ఏడాదిగా చేయలేనిది ఈ పిల్ల గుమ్మంలోంచే చేసింది.

"కూర్చోమ్మా, మంచినీళ్ళు తాగు" అని బెంచీ మీద కూర్చోబెట్టాను. నీళ్ళు తాగుతూనే మొదలుపెట్టింది.

"మూర్తిమత్వం వచ్చింది. స్మృతి వచ్చింది. ప్రజ్ఞ వచ్చింది. శైశవ దశ లేదు. నైతిక వికాసం లేదు. వైఖరులు లేవు. వైయక్తిక భేదాలు లేవు. చరిత్రలో జైన మతం లేదు, మైసూరు యుద్ధాలు లేవు. శైశవం లేకుండా, నీతి లేకుండా నేను టీచర్ని ఎట్టా అవుతానండీ?"

ఆరిఫ్ గబగబా వెళ్ళి స్క్రిప్టు మళ్ళీ నడిపాడు. ఫ్యాను మోగింది, ఆగింది. "చూడండి, అన్నీ అయిపోయాయి అనే వస్తంది" అని తెర ఆమె వైపు తిప్పాడు.

"నాకు చూపించి ఏం లాభమండీ?"

అతను తెర మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. వినీల అతన్ని వదిలేసి నా మీద పడింది.

"మేడం గారూ, మీకు ఐ అంటే పడదా? ఐ ఉన్న పాఠాలన్నీ ఎగ్గొట్టారేంటి?"

నాకు నషాళానికి అంటింది. ముప్పై ఏళ్ళు గుణింతాలు చెప్పినదాన్ని పట్టుకుని ఐ పడదంటుందా? "నేనెందుకు ఎగ్గొడతాను? శైశవ దశ చదివిన రోజు గొంతు పట్టేసి రెండు రోజులు మాట రాలేదు. నీ మీద ఒట్టు, ప్రతి ముక్కా చదివాను!" అని అరిచాను. కింద టైర్ల షాపులో సుత్తి చప్పుడు కూడా ఆగింది.

ఆరిఫ్ పెదవులు కదులుతున్నాయి. శైశవ, నైతిక, వైఖరి, జైన, మైసూరు అని తనలో తాను చెప్పుకుంటున్నాడు.

"మేడమ్, ఐత్వం ఎట్టా రాస్తారు?"

"నీకు గుణింతం రాదా?"

"వచ్చు. పిల్లలకి మీరు ఎట్టా చెప్తారో అట్టా చెప్పండి."

కోపంలో ఉన్నా క్లాసు అలవాటు ఎక్కడికి పోతుంది? "ముందు అక్షరం మీద ఎత్వం పెట్టాలి. క మీద ఎత్వం పెడితే కె. తరువాత దాని కింద తోక తగిలించాలి. అప్పుడు కై."

"అంటే రెండు ముక్కలు."

"రాసేటప్పుడు రెండు. పలికేటప్పుడు ఒకటే. ఐత్వం ఒకటే గుణింతం."

అతను నా గదిలోకి పరుగెత్తాడు. మ్యాక్ ముందు వంగి ఏదో చూశాడు. మళ్ళీ తన బల్ల దగ్గరకు పరుగెత్తాడు. మళ్ళీ నా గదిలోకి. వినీల ఆ అడుగుల చప్పుడు వెంట తల తిప్పుతూ, "ఏం చేస్తన్నాడండీ?" అని నన్ను అడిగింది. నాకూ తెలియదన్నాను.

తిరిగి వచ్చినప్పుడు అతని మొహం పాలిపోయి ఉంది.

"మీ మ్యాక్ పాతది మేడమ్. ఫైలు పేర్లో ఐత్వం కనపడితే అట్టాగే ఉంచదు. విడగొట్టి దాచుకుంటంది. ఎత్వం వేరు, కింద తోక వేరు. మిగతా గుణింతం దేని జోలికీ పోదు, ఐత్వాన్నే విరుస్తంది. ఎవరికి ఏ పాఠం పంపాలో నేను ఇక్కడ రాసుకున్న లిస్టులో కొట్టిన ఐత్వం ఒకటే ముక్క. పైకి రెండూ ఒకేలా కనపడతయ్యి. మెషీనుకి మాత్రం ఆ శైశవ దశ వేరు, ఈ శైశవ దశ వేరు. పనివాడు వెళ్ళి నా శైశవ దశ కోసం వెతుకుతాడు. కనపడదు. చచ్చిపోతాడు."

"చచ్చిపోతే మేస్త్రీకి తెలియదా?"

"నేను అడగమని రాయలేదు. ఎనిమిది మందీ వెళ్ళిపోయారా లేదా అని చూస్తాడు, అంతే. పని చేసి వెళ్ళాడా, చెయ్యకుండా పోయాడా అని అడగడు. అందరూ వెళ్ళిపోతే అన్నీ అయిపోయాయి అంటాడు." అతను బల్ల అంచు పట్టుకున్నాడు. "ఒక్కొక్కటే నడిపి ఉంటే మొదటి శైశవ దశ దగ్గరే ఆగి కేకేసేది మేడమ్. ఎనిమిది పెట్టి నేనే ఆ కేక వినపడకుండా చేసుకున్నాను."

అంత నోరున్న వినీల, అతను తప్పు ఒప్పుకున్నప్పుడు మాత్రం నోరెత్తలేదు. నాకు ఆ పిల్ల మీద ఆ క్షణంలో ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ఆరిఫ్ పనిలో పడ్డాడు. పాఠాల పేర్లన్నిటినీ పనివాళ్ళకు ఇవ్వడానికి ముందే, విరిగిన ఐత్వాలను అతికించి ఒకే రూపంలోకి తెచ్చే లైన్లు రాశాడు. వెళ్ళేవాడు ఎలా వెళ్తున్నాడో చెప్పి వెళ్ళాలని మేస్త్రీ చేత అడిగించే లైన్లు రాశాడు. రాస్తున్నంతసేపూ కాలు నేల మీద టపటపా కొడుతూనే ఉంది. అతని ఫోను రెండుసార్లు మోగింది. కోచింగ్ సెంటర్ వాళ్ళది. ఎత్తలేదు. అది కూడా నేను మొదటిసారి చూడడమే.

సాయంత్రం టీ వచ్చే వేళకు వినీల ఒడిలో ఉన్న ఫోను టింగుమంది. వెంటనే మళ్ళీ టింగుమంది. ఒకదాని వెనుక ఒకటి, ఆగకుండా మోగింది. ఆమె పైకి లేచి నిలబడింది. వేలితో తడుముతూ ఫోను పలికే ఒక్కొక్క పేరూ వింది. "శైశవ దశ. నైతిక వికాసం. వైఖరులు. వచ్చేశాయండీ! అన్నీ వచ్చేశాయి!" అని గట్టిగా అరిచింది. నా చెయ్యి దొరికించుకుని పట్టుకుని ఊపింది. వారం రోజుల్లో ఇవన్నీ వినగలదా అని నేను అడిగితే, బస్సులో మొదలుపెడతానంది. కాదు, ఇక్కడే మొదలుపెడతానంది. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని బెంచీ మీద కూలబడింది.

ఆరిఫ్ టీ గ్లాసు పట్టుకుని మెట్ల వైపు నడిచాడు. మొహంలో రక్తం తిరిగి వచ్చింది. "అయిపోయింది మేడమ్" అన్నాడు.

వినీల ఒక చెవిలోంచి ఇయర్‌ఫోను తీసింది.

"ఆరిఫ్ గారూ. మీ మైకేలు గారికి కూడా పంపారా? ఆయన పరీక్ష కూడా వచ్చే వారమేగా."

"ఆయనకి ఎప్పుడూ ఇబ్బంది లేదండీ. ఒక్క కంప్లైంటు..."

"మై" అంది వినీల. "మైకేలు. కైకలూరు."

టీ గ్లాసు ఆరిఫ్ చేతిలో ఒరిగి, టీ మెట్ల మీద పడింది. మైకేలు పేరూ ఊరూ మ్యాక్‌లో రాసింది నేనే. ఫోల్డరు తెరిచింది నేనే. రెండు ఐత్వాలు. విరిగిన ఐత్వం ఉన్న పాఠం ఎక్కడికీ వెళ్ళకపోతే, విరిగిన ఐత్వం ఉన్న మనిషి దగ్గరకు ఏ పాఠమూ వెళ్ళదు. ఏ ఒక్క పాఠమూ వెళ్ళదు.

ఆరిఫ్ నంబరు తీసి ఆఫీసు ఫోన్లోంచి కలిపాడు. స్పీకరులో పెట్టాడు, ఎందుకో నాకు తెలియదు. బహుశా ఒంటరిగా వినడానికి ధైర్యం చాలక.

"హలో, ఐస్ ఫ్యాక్టరీ అండీ."

"మైకేలు గారేనా అండీ? భవానీపురం నుంచి. పాఠాలు పంపేవాళ్ళం."

అవతల ఏదో యంత్రం రొద చేస్తోంది. "సార్, చెప్పండి సార్" అన్నాడు మైకేలు. అదే మర్యాద, అదే నెమ్మది.

"మీకు పాఠాలు అందుతున్నాయా అండీ?"

"లేదండీ."

"ఏవేవి రాలేదండీ?"

"ఏవీ రాలేదండీ. నేను సెలెక్టు అవ్వలేదేమో అనుకున్నాను."

"ఒక్క ఫోన్ చెయ్యాల్సిందండీ!" అన్నాడు ఆరిఫ్. "ఒక్కసారి అడగాల్సింది కదండీ!"

"ఊరికే ఇచ్చేవాళ్ళని ఏం అడుగుతాం సార్? బాగోదు కదా. వస్తే వస్తాయిలే అని చూశాను."

మేము ఇన్నాళ్ళూ మెచ్చుకున్న నెమ్మది ఇదీ. నా మీద నాకే అసహ్యం వేసింది. ఈ వినీల విసిగిస్తోందని విసుక్కుంటూ, ఆ మనిషి మౌనాన్ని తృప్తి అనుకున్నాం.

"పరీక్ష రాస్తున్నారా అండీ?" అని ఆరిఫ్ అడిగాడు.

"హాల్ టికెట్ వచ్చింది సార్. మా అన్న కూతురు స్కూలు నుంచి వచ్చాక చదివి పెడుతుంది. ఆ పిల్లకీ పరీక్షలు ఉన్నయ్యిగా. ఎంత అయితే అంత."

ఆరిఫ్ చుట్టూ చూశాడు. నా బల్ల దగ్గరున్న ప్లాస్టిక్ కుర్చీ కాలితో దగ్గరకు లాక్కుని, అందులో కూర్చున్నాడు. ఆ ఎత్తు బల్ల మీది కీబోర్డు అందక, తీసి ఒడిలో పెట్టుకున్నాడు.

"ఇప్పుడే పంపుతానండీ. ఫోన్ పెట్టకండి. ఏది ముందు పంపమంటారు?"

"మొదటిదే పంపండి సార్."

వారంలో పరీక్ష పెట్టుకుని మొదటి పాఠం అడుగుతున్నాడు. ఆరిఫ్ మేస్త్రీని పిలవలేదు, ఎనిమిది మందినీ పిలవలేదు. ఒక్క పాఠం తీసి, తన చేత్తో పంపాడు.

"వచ్చిందా అండీ?"

"ఆగండి సార్. ఏదో మోగింది. వచ్చిందండీ, వచ్చింది."

కైకలూరు నుంచి, ఆ ఐసు యంత్రాల రొదలోంచి, నా గొంతు నాకే వినపడింది. "నమస్కారం. చదువుతున్నది మార్త. మొదటి పాఠం, శైశవ దశ."

"ఈ గొంతేనండీ" అన్నాడు మైకేలు. "ఆ రోజు వినిపించారు. ఈ గొంతే."

నేను గోడ వైపు తిరిగాను. వినీల తన పాఠం ఆపేసి, బెంచీ మీద కదలకుండా కూర్చుంది. కోచింగ్ సెంటర్ వాళ్ళ ఫోను మళ్ళీ మోగుతోంది. ఆరిఫ్ కుర్చీలోంచి లేవలేదు. రెండో పాఠం పంపి, "వచ్చిందా అండీ?" అని అడిగాడు.